ఆటలో అరటిపండు, తెరపై తూకం: ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ యాడ్-ఆన్ల ఎంపికపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆన్‌లైన్ పాత్రపోషణ క్రీడల్లో ఆటగాళ్ళు తమ తెరకు, అంటే ఇంటర్‌ఫేస్‌కు, జోడించుకొనే చిన్న ప్రోగ్రాములను యాడ్-ఆన్లు అంటారు. కాలక్షేపానికి ఆడేవారికి కొన్ని, దీక్షగా ఆడేవారికి మరికొన్ని అని వీటిని విడదీసి సూచించడం పరిపాటి అయింది. ఈ విభజన ఆటగాడి స్థాయిని చూస్తుందే తప్ప యాడ్-ఆన్ చేసే పనిని చూడదని ఈ వ్యాసం వాదిస్తుంది. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ను ఉదాహరణగా తీసుకొని, యాడ్-ఆన్ల పనిని అమర్చడం, చూపడం, చెప్పడం, తూచడం అని నాలుగుగా వర్గీకరిస్తుంది. ఒక యాడ్-ఆన్ ఆటగాడి ఏ పనిని తాను తీసుకుంటోంది, దాని ఫలితం ఎవరి కంట పడుతోంది, దానిని కోరింది ఎవరు అనే మూడు ప్రశ్నలే ఎంపికకు ఆధారం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆన్‌లైన్ పాత్రపోషణ క్రీడలు, యాడ్-ఆన్లు, ఇంటర్‌ఫేస్, క్యాజువల్ ఆటగాళ్ళు, సీరియస్ ఆటగాళ్ళు, క్రీడా అధ్యయనాలు.

1. ఉపోద్ఘాతం

అమెరికాకు చెందిన బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’, అనేకమంది ఒకే కల్పితలోకంలో ఏకకాలంలో సంచరించే పాత్రపోషణ క్రీడ. ఆడేవారు ఒక పాత్రను ఎంచుకొని, ‘క్వెస్టు’లనే అప్పగింతలను నెరవేరుస్తూ స్థాయి పెంచుకుంటారు. గిల్డు అనే బృందంలో చేరి, ‘రెయిడ్’ అనే సామూహిక పోరాటాల్లో పాల్గొంటారు. తెరపై కనిపించే బొత్తాలు, పటం, సంచులు, ఆరోగ్యరేఖలు చాలావరకు లువా, ఎక్స్‌ఎమ్‌ఎల్ భాషల్లో రాసినవే. లువా 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో పాంటిఫికల్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన చిన్న ప్రోగ్రామింగ్ భాష. దానిని నేర్చుకున్నవారు ఎవరైనా తమ తెరను తాము తిరిగి రాసుకొనే వీలును కంపెనీ కల్పించింది. అలా రాసినవాటిని ఇతరులతో పంచుకోవడంతో యాడ్-ఆన్ల సంస్కృతి ఏర్పడింది. ఈ సంస్కృతికి హద్దులు గీస్తూ 2009 మార్చిలో కంపెనీ ఒక విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం యాడ్-ఆన్లు ఉచితంగా లభించాలి, వాటి కోడ్ అందరికీ కనిపించాలి, వాటిలో ప్రకటనలు ఉండరాదు.

కొత్తగా ఆటలోకి వచ్చినవారికి అందే సలహా సాధారణంగా ఒకే మూసలో ఉంటుంది. కాలక్షేపానికి ఆడేవారైతే దారి చూపే యాడ్-ఆన్, సంచులు సర్దే యాడ్-ఆన్ చాలు. దీక్షగా ఆడేవారైతే పోరాట హెచ్చరికలు, దాడి లెక్కించే మీటర్లు తప్పనిసరి. ఈ సలహా మేలుకోరేదే అయినా ఒక విషయాన్ని మరుగుపరుస్తుంది. యాడ్-ఆన్ అప్పటికే స్థిరపడిన ఆటగాడికి అమరే పనిముట్టు మాత్రమే కాదు. ఎవరు ఎలా ఆడాలో, ఎవరితో ఎవరు ఆడగలరో నిర్ణయించే శక్తి కూడా దానికి ఉంది.

2. క్యాజువల్, సీరియస్: విభజనలోని బలహీనత

ఈ విభజనను క్రీడా అధ్యయనాలు చాలాకాలంగా ప్రశ్నిస్తున్నాయి. జెస్పర్ యూల్ 2010లో వెలువరించిన ‘ఎ క్యాజువల్ రెవల్యూషన్’ గ్రంథంలో, క్యాజువల్ అని పిలిచే ఆటగాళ్ళు తక్కువసేపు, తేలికైనవే ఆడతారన్న అభిప్రాయం నిలబడదని చూపాడు. వారిలో ఎక్కువ సమయం వెచ్చించేవారూ, కష్టమైన ఆటలను ఇష్టపడేవారూ ఉన్నారు. టి.ఎల్. టేలర్ ‘ఎవర్‌క్వెస్ట్’ క్రీడను అధ్యయనం చేసి 2006లో ప్రచురించిన ‘ప్లే బిట్వీన్ వరల్డ్స్’ గ్రంథం మరో వైపు నుంచి ఇదే భేదాన్ని సడలించింది. బయటివారికి చాకిరీలా తోచేది దీక్షగా ఆడేవారికి ఆనందమేనని, వారు ఏకాకులు కారని, సామాజిక సంబంధాలే వారి ఆటకు పునాది అని ఆమె వివరించింది.

ఫ్రెంచి చింతకుడు రోజె కయ్వా 1958లోనే స్వేచ్ఛా విహారాన్ని, నియమబద్ధ శ్రమను క్రీడకు రెండు ధ్రువాలుగా చూశాడు. ఆయన దృష్టిలో అవి ఒకే గీతకు రెండు కొసలు, మనుషులను పంచిపెట్టే గదులు కావు. తెలుగులో ‘ఆట’ అనే ఒక్క మాట పిల్లల గెంతులాటనూ, పందెపు ఆటనూ, నాట్యాన్నీ, నాటక ప్రదర్శననూ కలుపుకొని నడుస్తుంది. ఒకే వ్యక్తి శనివారం రాత్రి గిల్డుతో కఠినమైన రెయిడ్‌లో పాల్గొని, ఆదివారం ఉదయం అదే పాత్రతో చెరువుగట్టున చేపలు పట్టవచ్చు. అందువల్ల క్యాజువల్, సీరియస్ అనేవి వ్యక్తుల పేర్లకంటే సందర్భాల పేర్లుగా గ్రహించడం ఉచితం. ఇలా గ్రహించాక, వ్యక్తిని బట్టి యాడ్-ఆన్ అనే సూత్రానికి ఆధారం జారిపోతుంది.

3. యాడ్-ఆన్ చేసే నాలుగు పనులు

స్థాయిని పక్కనపెట్టి పనిని బట్టి చూస్తే యాడ్-ఆన్లు నాలుగు తెగలుగా కనిపిస్తాయి.

మొదటిది అమర్చడం. బొత్తాల వరుసలను కోరినచోట నిలిపే బార్టెండర్, అనేక సంచులను ఒకే పెట్టెగా చూపే బ్యాగ్నాన్ ఇటువంటివి. ఇవి కొత్త సమాచారాన్ని ఇవ్వవు, ఉన్నదానిని కంటికి, చేతికి అనుకూలంగా సర్దుతాయి.

రెండవది చూపడం. ఆటలో దాగి ఉన్న సంఖ్యను వెలికితీసి తెరపై పెట్టడం దీని పని. శత్రువు ఎవరిమీద విరుచుకుపడాలో నిర్ణయించే ‘థ్రెట్’ అనే అంతర్గత లెక్కను ఆట తొలినాళ్ళలో బయటపెట్టేది కాదు. కేఎల్‌హెచ్ థ్రెట్ మీటర్ వంటి యాడ్-ఆన్లు ఆ లెక్కను అంచనా కట్టి చూపాయి.

మూడవది చెప్పడం. డెడ్లీ బాస్ మాడ్స్, బిగ్‌విగ్స్ వంటివి ప్రధానశత్రువు తరువాతి దెబ్బ ఎన్ని సెకన్లలో పడుతుందో లెక్కించి, తప్పుకోవలసిందిగా హెచ్చరిస్తాయి. క్వెస్ట్‌హెల్పర్ వంటివి ఎటు నడవాలో బాణం గుర్తుతో చెబుతాయి. వీకారాస్‌లో ఏ స్థితిలో ఏ సంకేతం కనిపించాలో ఆటగాడే నిర్వచించుకోవచ్చు, ఇతరులు నిర్వచించినదానిని తెచ్చి అతికించుకోవచ్చు.

నాలుగవది తూచడం. రీకౌంట్, స్కాడా, డీటెయిల్స్ వంటి మీటర్లు ఎవరు ఎంత దాడి చేశారో, ఎంత వైద్యం చేశారో వరుసపెట్టి చూపుతాయి. గేర్‌స్కోర్ ఆటగాడి ఆయుధాలకు, కవచాలకు ఒక్క సంఖ్యలో విలువ కట్టింది.

ఈ నాలుగింటికి వెలుపల ఐదవదైన ‘చేయడం’ ఒకప్పుడు ఉండేది. బృందంలో ఎవరికైనా విషమో శాపమో సోకితే, డికర్సివ్ అనే యాడ్-ఆన్‌లో ఒకే మీటను పదేపదే నొక్కితే చాలు. ఎవరికి ఏ చికిత్స అవసరమో అదే ఎంచి ప్రయోగించేది. 2006 డిసెంబరులో వచ్చిన 2.0 సవరణతో, పోరాట సమయంలో లక్ష్యాన్నీ మంత్రాన్నీ యాడ్-ఆన్ తానే ఎంచుకొనే వీలును కంపెనీ తొలగించింది. యాడ్-ఆన్ చెప్పవచ్చు, చేయకూడదు అన్నది నాటి నుంచి నియమమైంది. అయితే చెప్పడానికీ చేయడానికీ మధ్య ఉన్న గోడ పలుచనిది. ఎడమకు జరగమన్న హెచ్చరిక, జరగవలసిన క్షణంలోనే, జరగవలసిన దిక్కుతో సహా వచ్చినప్పుడు ఆటగాడికి మిగిలేది వేలి కదలిక మాత్రమే. పరిశీలన, అనుమానం, నిర్ణయం అనే మూడు దశలు అప్పటికే యాడ్-ఆన్ వశమయ్యాయి.

4. దారి చూపే బాణం, చదవని పాఠం

చెప్పే యాడ్-ఆన్లలో కాలక్షేపపు ఆటగాళ్ళకు సూచించేవి దారి చూపేవి. వీటిని నిరపాయమైనవిగా భావించడం సాధారణం. సాహిత్య విమర్శ దృష్టితో చూస్తే వీటి ప్రభావం మిగతావాటికంటే లోతైనది.

2004 నాటి ఆటలో ప్రతి క్వెస్టూ ఒక చిన్న గద్యఖండికగా అందేది. వెళ్ళవలసిన చోటు ఆ గద్యంలోనే ఉండేది. ఫలానా దారికి పడమర, ఫలానా శిథిలాల దాపున వంటి ఆనవాళ్ళను చదివి, లోకంలో పోల్చుకొని నడవాలి. బ్యారెన్స్ అనే బీడుభూమిలో మాంక్రిక్ అనే పాత్ర, యుద్ధంలో తప్పిపోయిన తన భార్యను వెదకమని కోరుతుంది. అందులోని ఆనవాళ్ళు చాలక, ఆమె ఎక్కడ అని ఆ ప్రాంతపు చాట్‌లో అపరిచితులను అడగడం నిత్యకృత్యమైంది. కొందరు దారి చెప్పేవారు, కొందరు విసుక్కొనేవారు, కొందరు హాస్యమాడేవారు. ఆ ప్రశ్న చివరికి ఆటగాళ్ళందరికీ తెలిసిన జానపదంగా నిలిచింది. ఆనవాలు చాలకపోవడం రచనాలోపమే కావచ్చు. కానీ ఆ లోపమే మనుషుల మధ్య మాటకు చోటిచ్చింది.

క్వెస్ట్‌హెల్పర్ వంటివి వచ్చాక ఆ ప్రశ్న అడగవలసిన పని లేకపోయింది. 2009 డిసెంబరు నాటి 3.3 సవరణలో క్వెస్టుల గమ్యాలను పటంపై గుర్తించే ఏర్పాటును కంపెనీయే ఆటలో చేర్చింది. యాడ్-ఆన్‌గా మొదలైన అభిరుచి ఆటకు స్వభావమైంది. 2019 ఆగస్టులో పూర్వరూపాన్ని ‘క్లాసిక్’ పేరుతో పునఃప్రారంభించినప్పుడు, పాతకాలపు అనుభవాన్ని కోరి వచ్చినవారిలో చాలామంది క్వెస్టీ అనే యాడ్-ఆన్‌తో అదే పటాన్ని తిరిగి తెచ్చుకున్నారు.

దీనిని కేవలం సోమరితనంగా కొట్టివేయడం న్యాయం కాదు. ఉద్యోగం, సంసారం ముగించుకొని రాత్రి ఒక గంట ఆడేవారికి దారి తప్పడంలోని ఆనందం అన్ని రోజులూ అందుబాటులో ఉండదు. బ్యారెన్స్‌ను పదవసారి దాటుతున్నవారికి చదవవలసిన కొత్త పాఠమూ లేదు. అయినా తొలిసారి ఆడేవారికి ‘తేలిక’ పేరుతో దీనిని అప్పగించడం వల్ల, లోకాన్ని చదివే పాఠకుడు బాణాన్ని అనుసరించే బాటసారిగా మారతాడు. రెయిడ్ హెచ్చరిక దీక్షాపరుడి నిర్ణయశక్తిని తీసుకున్నట్టే, దారి బాణం కాలక్షేపపరుడి విహారశక్తిని తీసుకుంటుంది. ఒకటి తేలిక జాబితాలో, ఇంకొకటి కఠిన జాబితాలో ఉన్నా, కనుగొనే పనిని ఆటగాడి నుంచి తప్పించడంలో రెండూ ఒకే తెగకు చెందినవి.

5. తూకం, తూగనివారు

తెలుగు పిల్లల ఆటల్లో ‘ఆటలో అరటిపండు’ అనే మాట ఉంది. పెద్దపిల్లల వెంటపడి వచ్చిన చిన్నవాడిని ఆటలో చేర్చుకుంటారు. వాడు పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, కేకలు వేస్తాడు. అయితే వాడు దొరికినా ఔటైనట్టు కాదు. వాడి గెలుపోటములు లెక్కలోకి రావు. లెక్కించకపోవడం అక్కడ చిన్నచూపుకంటే ఎక్కువగా ఔదార్యం. ఆట నేర్చుకొనే మార్గం కూడా అదే.

తొలినాటి రెయిడ్‌లలో నలభైమంది కలిసి పోరాడేవారు. అంతమందిలో అనుభవం లేనివారు, స్నేహితుడి పిలుపుపై వచ్చినవారు, చేతులు నెమ్మదిగా కదిలేవారు కొందరు సహజంగా ఉండేవారు. సమూహం వారిని మోసేది. ఎవరు ఎంత చేశారన్నది అందరికీ స్పష్టంగా తెలియకపోవడమే వారికి రక్షణ.

ఈ స్థితిని తూచే యాడ్-ఆన్లు మార్చాయి. సీటీ రెయిడ్ అసిస్ట్ ద్వారా నాయకుడు సభ్యుల కవచాల అరుగుదలను, అవసరమైన వస్తువులు వారి వద్ద ఉన్నాయా లేదా అన్నదానిని తనిఖీ చేయగలిగేవాడు. టేలర్ 2006లో రాసిన ఒక వ్యాసంలో ఇటువంటి యాడ్-ఆన్ల సంస్కృతిని నిఘా కోణం నుంచి పరిశీలించింది. మార్క్ చెన్ తాను పాల్గొన్న రెయిడ్ బృందాన్ని అధ్యయనం చేసి 2012లో ‘లీట్ నూబ్స్’ గ్రంథం వెలువరించాడు. థ్రెట్ మీటరును ఆ బృందంలోని ఒక సభ్యుడివలె భావించి, అది చేరాక పనులు, బాధ్యతలు ఎలా పునఃపంపిణీ అయ్యాయో అతను వివరించాడు. సహవాసం కోసం ఏర్పడిన ఆ బృందం, సభ్యుల లక్ష్యాలు వేరుపడడంతో చివరికి చెదిరిపోయిన వైనాన్నీ నమోదు చేశాడు.

ఇక్కడ రెండు యాడ్-ఆన్ల మధ్య సూక్ష్మభేదాన్ని గమనించాలి. కేఎల్‌హెచ్ థ్రెట్ మీటర్ సరిగా పనిచేయాలంటే సభ్యులు తమ తమ కంప్యూటర్లలో దానిని పెట్టుకోవాలి. ఒత్తిడితోనైనా అందులో అంగీకారం ఉంది. రీకౌంట్ పోరాట వివరాల చిట్టాను చదివి లెక్కగడుతుంది, కాబట్టి ఒక్కరు పెట్టుకుంటే చాలు. తక్కినవారు తెలియకుండానే తూగుతారు. మీటరు వద్దనుకొనే హక్కు వ్యక్తికి ఉన్నా, తూగకుండా ఉండే హక్కు లేదు. కాలక్షేపపు ఆటగాళ్ళకు మీటరు అవసరం లేదన్న సలహా ఈ వాస్తవాన్ని విస్మరిస్తుంది.

గేర్‌స్కోర్ ఈ తూకాన్ని పోరాటానికి ముందుకే జరిపింది. ఆడిన తీరు చూశాక కాక, ఆడనివ్వాలా వద్దా అని నిర్ణయించేటప్పుడే సంఖ్య అడగడం మొదలైంది. తరువాత కంపెనీయే సగటు ఐటమ్ లెవెల్‌ను పాత్ర వివరాల్లో చూపడం ప్రారంభించింది. రెయిడర్ ఐఓ వంటి సేవలు ప్రచారంలోకి తెచ్చిన రేటింగును పోలిన దానిని 2021లో స్వయంగా ప్రవేశపెట్టింది. అరటిపండుకు ఆటలో చోటు తలుపు దగ్గరే మూసుకుపోయింది.

తూకానికి న్యాయపక్షమూ ఉంది. మీటరు లేనిచోట నాయకుడి పక్షపాతానికి అడ్డు ఉండదు. మాటకారితనం నైపుణ్యంగా చెల్లుబాటవుతుంది. నోరు మెదపక బృందాన్ని నిలబెట్టిన వైద్యపాత్రధారి శ్రమను మీటరే వెలుగులోకి తెచ్చిన సందర్భాలు ఉంటాయి. తన తప్పును తాను దిద్దుకోదలచినవారికి అది మంచి అద్దం. దోషం తూచడంలో లేదు, తూచిన ఒక్క అంశాన్నే మొత్తం విలువగా ప్రకటించడంలో ఉంది. ఇతరులను కాపాడేందుకు దాడి ఆపిన క్షణం దాడి పట్టికలో నష్టంగానే కనిపిస్తుంది. కొత్తవారికి ఓపికగా వివరించిన ఐదు నిమిషాలు ఏ పట్టికకూ ఎక్కవు.

6. నిషేధం, స్వీకారం

ఈ సమస్యను కంపెనీలు రెండు విధాలుగా ఎదుర్కొన్నాయి. జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ నిర్వహించే ‘ఫైనల్ ఫాంటసీ 14’లో బయటి ఉపకరణాల వాడకం నిషిద్ధం. అయినా మీటర్లు రహస్యంగా వాడుకలో ఉన్నాయి. 2023 జనవరిలో ‘ది ఒమేగా ప్రోటోకాల్’ అనే కఠినపోరాటాన్ని మొదట పూర్తిచేసిన బృందం బయటి ఉపకరణాలు వాడినట్టు బయటపడగా, ఆట దర్శకుడు నవోకి యోషిదా దానిపై ప్రకటన విడుదల చేయవలసి వచ్చింది. నిషేధం తూకాన్ని అంతం చేయలేదు. అయితే తూకాన్ని బాహాటంగా ప్రస్తావించి ఒకరిని అవమానించడాన్ని ప్రమాదకరం చేసింది. సంఖ్య ఉంది, సభలో పలకడానికి మాత్రం వీలులేదు. అరటిపండుకు ఆ మేరకు నీడ మిగిలింది.

బ్లిజార్డ్ మార్గం ఎక్కువగా స్వీకారమార్గం. హద్దు దాటినదానిని ఆపడం, ఆదరణ పొందినదానిని తనలో కలుపుకోవడం దాని పద్ధతి. యుద్ధభూమి మీదనే గీతలు, వలయాలు గీసి చూపిన ఏవీఆర్ అనే యాడ్-ఆన్‌ను 2010లో పనిచేయకుండా చేసింది. కానీ హెచ్చరించే యాడ్-ఆన్లు అందరి వద్దా ఉన్నాయన్న ఊహతో పోరాటాలు మరింత జటిలమయ్యాయి, జటిలమైన పోరాటాలకు మరింత శక్తిమంతమైన యాడ్-ఆన్లు పుట్టాయి. ఈ పోటీ చక్రాన్ని తెంచేందుకు, ‘మిడ్‌నైట్’ విస్తరణతో పోరాట సమాచారాన్ని యాడ్-ఆన్లు విశ్లేషించే వీలును కుదిస్తామని 2025లో కంపెనీ ప్రకటించింది. హెచ్చరికలను, దాడి మీటరును తానే అందించే ఏర్పాట్లకూ పూనుకుంది. తదుపరి మంత్రాన్ని సూచించే సహాయకాన్ని అదే ఏడాది ఆటలో చేర్చింది.

ఈ పరిణామం ఎంపిక ప్రశ్నను రద్దు చేయదు. చెప్పే పని, తూచే పని అంతరించలేదు, యజమాని మారాడు. పైగా ఒకే కత్తెరతో అన్నిటినీ కత్తిరిస్తే నష్టపోయేవారూ ఉన్నారు. ‘క్లాసిక్’ రూపంలో దృష్టిలోపం గలవారు ఆడేందుకు రూపొందిన స్కు అనే యాడ్-ఆన్, తెరపై ఉన్నదానిని శబ్దంగా మార్చి దారి చెబుతుంది. చెప్పడం ఆటను హరిస్తుందన్న సూత్రం ఇక్కడ వర్తించదు. చూపున్నవారి నుంచి వెదుకులాటను తప్పించే అదే పని, చూపులేనివారికి వెదుకులాటలోకి ప్రవేశం కల్పిస్తుంది. కాబట్టి యాడ్-ఆన్ ఎంత సహాయం చేస్తోందన్న పరిమాణం ప్రమాణం కాజాలదు. ఆ సహాయం తరువాత ఆటగాడికి నిర్ణయించడానికి ఏమి మిగిలిందన్నదే ప్రమాణం.

7. ఎంపికకు ప్రమాణాలు

పై చర్చ నుంచి మూడు ప్రశ్నలు తేలుతున్నాయి. ఈ యాడ్-ఆన్ ఆటగాడు చేయవలసిన ఏ పనిని తాను తీసుకుంటోంది? దాని ఫలితం ఎవరికి కనిపిస్తోంది? దానిని కోరింది ఆడేవారేనా, బృందమా?

మొదటి ప్రశ్న ప్రకారం అమర్చే యాడ్-ఆన్లు ఎవరికైనా నిస్సంకోచంగా సూచించదగినవి. అవి తీసుకొనేది సర్దే పనిని మాత్రమే. దారి చెప్పేవాటిని తొలిసారి ఆడేవారు కొంతకాలం వాయిదా వేసుకోవడం, మళ్ళీమళ్ళీ అదే నేలను దాటేవారు స్వీకరించడం సమంజసం. పోరాట హెచ్చరికలను మొదటి ప్రయత్నాల్లో ఆపి ఉంచి, పోరాటపు లయ అర్థమయ్యాక పెట్టుకుంటే, అవి జ్ఞాపకానికి తోడవుతాయి తప్ప బదులు కావు.

రెండవ ప్రశ్న తూచే యాడ్-ఆన్లకు ముఖ్యం. తన లెక్కను తాను చూసుకోవడం ఒకటి, పట్టికను బృందం మొత్తానికి చాట్‌లో ప్రకటించడం మరొకటి. మీటరు అదే, దాని నైతికస్వభావం వేరు. మూడవ ప్రశ్న బృందాలకు సంబంధించినది. అత్యంత కఠిన స్థాయిలో పోరాడే గిల్డు కొన్ని యాడ్-ఆన్లను తప్పనిసరి చేయడంలో ఔచిత్యం ఉంది, ఎందుకంటే అక్కడ చేరేవారు ఆ షరతు తెలిసే చేరతారు. అదే షరతును సాయంకాలపు సరదా బృందాలపై అలవాటుగా రుద్దడంలో ఆ ఔచిత్యం లేదు.

8. ముగింపు

క్యాజువల్, సీరియస్ అనే పేర్లు యాడ్-ఆన్ల ఎంపికకు ముందున్నవి కావు, చాలావరకు ఆ ఎంపిక నుంచే పుట్టినవి. మీటరు లేని తెరపై నలభైమంది సహచరులుగా కనిపించినవారే, మీటరు ఉన్న తెరపై మొదటి స్థానం నుంచి నలభైయవ స్థానం వరకు వరుసగా కనిపిస్తారు. మనుషులు మారలేదు, చూసే తెర మారింది. అందువల్ల ఎవరికి ఏ యాడ్-ఆన్ అన్న చర్చ సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయం కాదు. కనుగొనే ఆనందం ఎవరికి మిగలాలి, లెక్కకు రానివారికి ఆటలో చోటుండాలా అనే ప్రశ్నలు దానిలో ఇమిడి ఉన్నాయి.

చిన్నవాడిని అరటిపండుగా చేర్చుకొనే పిల్లలకు తూచడం తెలియక కాదు. ఎవరు వేగంగా పరుగెత్తుతారో, ఎవరు ముందు దొరుకుతారో వారికి బాగా తెలుసు. తెలిసీ ఒకరిని లెక్కనుంచి మినహాయించడం వారి నియమాల్లో ఒక నియమం. తూచే శక్తిని తెరపైకి తెచ్చుకున్న ఆన్‌లైన్ క్రీడాసమాజాలు, ఎప్పుడు తూచకూడదో నిర్ణయించుకొనే నియమాన్ని కూడా తామే ఏర్పరచుకోవలసి ఉంది. ఆ నియమాన్ని యాడ్-ఆన్ గాని, కంపెనీ గాని వారికి రాసి ఇవ్వలేవు.